డే-నైట్ క్లిప్-ఆన్ కళ్ళద్దాలు, నాలుగు నెలలు వాడాక: నల్లవి ఉంచుకున్నా, పసుపువి బండిలోంచి తీసేశా

ముందే చెప్పేస్తున్నా, రివ్యూ కొంచెం పొడుగ్గానే ఉంటుంది. ఈ పసుపు అద్దాల గురించి నేను కొనేముందు చదివినవన్నీ "సూపర్ అండీ, రాత్రి పగల్లా కనిపిస్తోంది" అని రెండు ముక్కల్లో తేల్చేసినవే, అవి నమ్మి మా నాన్న కోసం ఆర్డర్ పెట్టా, ఇప్పుడు అవే రెండు ముక్కలు నమ్మి ఇంకెవరూ వాళ్ళ నాన్నకి కొనిపెట్టకూడదని కూర్చుని రాస్తున్నా.

బ్రాండ్ పేరు రాయడం లేదు, ఇలాంటి సెట్లు బోలెడు పేర్లతో దొరుకుతాయి కాబట్టి పేరుతో పెద్ద పని లేదు. బాక్స్‌లో రెండు జతలు ఉంటాయి. ఒకటి నల్లది, పగటికి. ఇంకోటి పసుపుది, దాని మీద పెద్దక్షరాలతో "నైట్ విజన్" అని ఉంటుంది. రెండూ పోలరైజ్డ్. మామూలు కళ్ళజోడు మీదే క్లిప్‌తో తగిలించుకోవచ్చు, అక్కర్లేదనుకుంటే రెప్పలాగా పైకి లేపేయొచ్చు. క్లిప్ గట్టిగానే ఉంది, దానికి చిన్న రబ్బరు తొడుగు ఉండటం వల్ల కళ్ళజోడు మీద గీతలు పడలేదు. బరువు పెద్దగా లేదు, ముక్కు మీద నొక్కినట్టు అనిపించలేదు. తయారీ గురించి ఇంతే, ఇందులో ఫిర్యాదేం లేదు.

ముందు నల్లది. ఇది నిజంగా బాగుంది. వాన పడి ఆగాక ఎండ కొట్టినప్పుడు తడి రోడ్డు అద్దంలా మెరిసిపోతుంది కదా, గీతలు కూడా కనపడవు, అప్పుడు ఇది కిందకి దించితే మెరుపు టక్కున ఆగిపోయి కింద ఉన్న నల్లటి రోడ్డు, తెల్ల గీతలు తేటగా బయటపడతాయి, మొదటిసారి చూసినప్పుడు రెండు మూడుసార్లు లేపి దించి లేపి దించి చూసుకున్నా. కారణం ఏంటంటే, రోడ్డు మీంచో నీళ్ళ మీంచో ఏటవాలుగా తిరిగొచ్చే వెలుతురు ఎక్కువగా అడ్డంగా కంపిస్తూ వస్తుంది, ఈ అద్దం నిలువుగా కంపించేదాన్నే లోపలికి రానిస్తుంది, పోలరైజ్డ్ అంటే ఇదే, కాబట్టి మెరుపు వరకు ఏరి ఆపేస్తుంది, మిగతా దృశ్యం వస్తుంది. మామూలు రంగు అద్దం అన్నిటినీ కలిపి తగ్గిస్తుంది, ఇది ఏరి తగ్గిస్తుంది, తేడా అదీ. ఒక్క ఇబ్బంది, ఫోన్ స్క్రీన్ కొన్ని కోణాల్లో నల్లగా అయిపోతుంది, కొన్ని కార్ల డాష్‌బోర్డ్ డిస్‌ప్లేలు కూడా అంతే, ఆ స్క్రీన్లలోంచి వచ్చే వెలుతురు కూడా ఒకే దిశలో కంపించేది కాబట్టి. ముందున్న కార్ వెనక అద్దం మీద మచ్చలు మచ్చలుగా గళ్ళు కనిపిస్తే కంగారు పడకండి, గట్టిపరిచిన గాజు పోలరైజ్డ్ అద్దంలోంచి అలాగే కనిపిస్తుంది, మీ కంటికేం కాలేదు. సాయంత్రం వెలుతురు తగ్గుతుండగానే మాత్రం తీసేయాలి, అది ఎందుకో కింద చెప్తా.

ఇక పసుపుది. అసలు ఈ రివ్యూ దీని కోసమే.

నాన్నకి 66 ఏళ్ళు. ఒక ఏడాదిగా రాత్రి బండి తీయాలంటే వెనకాడుతున్నారు. ఎదురుగా వచ్చే కార్ల తెల్ల లైట్లు కళ్ళలో పొడుస్తున్నాయనీ, లైటు చుట్టూ రేకులు రేకులుగా వెలుగు విచ్చుకుంటోందనీ, కారు దాటిపోయాక కాసేపు ఏమీ కనపడట్లేదనీ చెప్పేవారు. లైట్లదే తప్పు అనుకున్నాం, నేను కూడా అలాగే అనుకున్నా. పసుపు అద్దం తగిలించుకుని మొదటి రాత్రి నడిపి ఇంటికొచ్చి "ఒరేయ్, హాయిగా ఉందిరా, ఎండ కాసినట్టుంది" అన్నారు. నేనూ పెట్టుకుని చూశా, అబద్ధం కాదు, నిజంగానే వెచ్చగా, వెలుగు పెరిగినట్టు అనిపిస్తుంది. అందుకే ఆ రివ్యూలు రాసినవాళ్ళు అబద్ధం చెప్పారని నేను అనను. వాళ్ళకి అనిపించిందే రాశారు. కానీ అనిపించడం వేరు, కనిపించడం వేరు, రోడ్డు మీద ఈ రెండిటికీ మధ్య ఒక మనిషి అడ్డంగా నడిచి వెళ్తుంటాడు.

రెండో వారంలో అదే జరగబోయింది. నేను పక్క సీట్లో ఉన్నా, నాన్న నడుపుతున్నారు, పసుపు అద్దం ఉంది. ముదురు నీలం చొక్కా వేసుకున్న ఒకాయన రోడ్డు దాటుతున్నాడు, నాకు ముందే కనిపించాడు, నాన్నకి కనిపించినట్టే లేదు, నేను "నాన్నా" అని అరిచాక బ్రేక్ పడింది. ఆయనకీ మాకూ ఏం కాలేదు. కానీ నాన్న బండి పక్కకి ఆపి చాలాసేపు స్టీరింగ్ వదల్లేదు.

ఆ రాత్రే బాక్స్ మళ్ళీ తీసి చూశా. లోపల నాలుగు మడతలు పెట్టిన కాయితం ఉంది, భూతద్దం పెట్టి చదవాల్సినంత చిన్న అక్షరాలు, అందులో "మసక వెలుతురులో, రాత్రిపూట డ్రైవింగ్‌కి వాడరాదు" అని ఉంది. బాక్స్ మీద నైట్ విజన్, లోపల కాయితం మీద నైట్‌కి వాడొద్దు! ఇది చూసి నాకు నిజంగా ఒళ్ళు మండింది. లోపల ఆ మాట ఎందుకుందంటే, రంగు కళ్ళద్దాలకి అంతర్జాతీయ స్టాండర్డ్ ఒకటి ఉంది, దాని ప్రకారం కనపడే వెలుతురులో 75 శాతం కూడా లోపలికి రానివ్వని అద్దాన్ని రాత్రి డ్రైవింగ్‌కి పనికిరాదనే చెప్పాలి. పోలరైజ్డ్ అద్దం ఏదైనా సరే మామూలు వెలుతురులో దాదాపు సగం మింగేస్తుంది, దాని పని తీరే అంత, ఇక దానికి పసుపు రంగు కూడా కలిస్తే 75 ఎక్కడ దాటుతుంది. నేను ఫోన్‌లో వెలుతురు కొలిచే యాప్ పెట్టి, టేబుల్ లైట్ కింద ఫోన్‌ని కదలకుండా ఉంచి సెన్సర్ మీద ఈ అద్దం అడ్డం పెట్టా, అంకె సగం కంటే కిందకి పడిపోయింది. మీ దగ్గర ఇలాంటిది ఉంటే ఇంట్లోనే చేసి చూడండి, రెండు నిమిషాల పని. ఇంకో సంగతి, ఎదుటి కారు హెడ్‌లైట్ నేరుగా కంట్లోకొచ్చే వెలుతురు ఒకే దిశలో కంపించేది కాదు, కాబట్టి పోలరైజ్డ్ అనే మాట రాత్రి ఆ లైట్ల మీద ప్రత్యేకంగా చేసేదేమీ లేదు, అన్నిటితో పాటే దాన్నీ తగ్గిస్తుంది.

మరి సగం వెలుతురు పోతే వెలుగు పెరిగినట్టు ఎందుకనిపిస్తుంది? దీని గురించి చాలానే చదివా, డాక్టర్ గారిని కూడా అడిగా, నాకు అర్థమైనంత చెప్తా.

మన కంటి వెనక తెరలో రెండు రకాల కణాలున్నాయి. కోన్లు ఒక 50, 60 లక్షలు, ఇవి మంచి వెలుతురులో పనిచేస్తాయి, రంగులు చెప్పేవి, అక్షరాలు చదివించేవి ఇవే. రాడ్లు 9 కోట్లకి పైనే, ఇవి మసక చీకటికి, రంగు చెప్పలేవు కానీ అతి కొద్ది వెలుతురు కూడా పట్టుకుంటాయి. కోన్లలో మళ్ళీ మూడు రకాలు, వాటిలో నీలం వైపు స్పందించేవి పదో వంతు కూడా ఉండవు, చూపు సరిగ్గా నిలిపే నడిమధ్య చుక్కలో అయితే అవి అసలే లేవు. కాబట్టి నీలాన్ని తీసేస్తే పగటి చూపుకి అక్షరాల పదునులో పెద్ద నష్టం తెలీదు, మిగిలినదంతా పసుపు వెచ్చదనంలో ఎండలా అనిపిస్తుంది. పైగా కాసేపటికి మెదడు ఆ పసుపుకి అలవాటు పడిపోయి తెల్ల కాయితాన్ని తెల్లగానే చూపించడం మొదలుపెడుతుంది, అద్దం ఉందన్న సంగతే మర్చిపోతాం. ఎల్‌ఈడీ లైట్లలో నీలం ఎక్కువ, కళ్ళకి చిరాకు పెట్టేదీ ఎక్కువగా అదే, అది తగ్గేసరికి హాయి. ఇంతవరకు నిజమే.

కానీ రాత్రి లెక్క వేరు. వెలుతురు రంగుని దాని అల పొడవుతో కొలుస్తారు, పగలు మన కన్ను 555 నానోమీటర్ల దగ్గర, అంటే పసుపుపచ్చ కలిసిన ఆకుపచ్చ దగ్గర చురుగ్గా ఉంటుంది. చీకటి పడి రాడ్లు పనిలోకి దిగితే ఆ చురుకు 507 దగ్గరకి, నీలం కలిసిన ఆకుపచ్చ వైపు జరిగిపోతుంది. చెక్ శాస్త్రవేత్త పుర్కిన్యే 1800ల్లోనే దీన్ని గమనించాడు, పగలు ఎర్రగా మెరిసే పువ్వులు తెల్లవారుజామున నల్లగా, వాటి చుట్టూ ఆకులు తేటగా కనిపించడం చూసి. ఆయన పేరుతోనే పిలుస్తారు దీన్ని. మీరూ చూడొచ్చు, పొద్దు గూకాక లైటు వేయకుండా ఎర్రబట్ట, నీలం బట్ట పక్కపక్కన పెట్టి ఒక పావుగంట ఆగండి, ఎరుపు ముందు నల్లబడిపోతుంది. ఇప్పుడు ఆలోచించండి, రాత్రి కన్ను దేని మీద ఆధారపడుతోందో ఆ నీలం వైపు వెలుతురునే ఈ పసుపు అద్దం ముందుగా కోసేస్తోంది. ఉన్నదే తక్కువ, అందులో పనికొచ్చేదే తీసేస్తోంది. ముదురు నీలం చొక్కా ఆయన మీంచి తిరిగొచ్చే కాస్త వెలుతురు కూడా నాన్న కంటికి చేరకుండా ఆగిపోయి ఉండొచ్చని అనుకున్నప్పుడల్లా నాకిప్పటికీ గుండె దడదడలాడుతుంది.

హెడ్‌లైట్ వెలుతురులో నడుపుతున్నప్పుడు పూర్తి చీకటి కాదు, పూర్తి వెలుతురూ కాదు, రాడ్లూ కోన్లూ రెండూ సగం సగం పనిచేస్తుంటాయి, అది కంటికి కష్టమైన వేళ. చీకటికి కోన్లు ఓ పది నిమిషాల్లో సర్దుకుంటాయి కానీ రాడ్లు పూర్తిగా సర్దుకోవడానికి 20, 30 నిమిషాలు పడుతుంది, మధ్యలో ఒక ఫుల్ బీమ్ కొడితే ఆ సర్దుబాటు చాలావరకు పోయి మళ్ళీ కూడగట్టుకోవాలి. లైట్లు లేని చోట ఆకాశంలో మసక నక్షత్రాన్ని సూటిగా చూస్తే మాయమై, కాస్త పక్కకి చూస్తే మళ్ళీ కనిపిస్తుంది, చూపు మధ్యలో రాడ్లు లేకపోవడమే దానికి కారణం. ఇదంతా కంటికి ఉన్న పరిమితి, ఏ అద్దమూ దీన్ని మార్చలేదు. రంగు అద్దం వెలుతురుని తీసేయగలదు, కలపలేదు. ఈ ఒక్క మాట నేను కొనేముందు ఎవరైనా చెప్పుంటే బాగుండేది.

ఇది నా ఒక్కడి అనుభవం కూడా కాదు. అమెరికాలో షెపెన్స్ కంటి పరిశోధన సంస్థ వాళ్ళు డ్రైవింగ్ సిమ్యులేటర్‌లో 22 మందికి ఇలాంటి పసుపు అద్దాలు పెట్టి, మామూలు తెల్ల అద్దాలు పెట్టి, ఎదురు హెడ్‌లైట్ ఉన్నప్పుడూ లేనప్పుడూ రోడ్డు మీద మనిషిని ఎంత త్వరగా గుర్తిస్తున్నారో చూశారు, 2019లో ఫలితం ప్రచురించారు. పసుపు అద్దం వల్ల గుర్తించడం ఏమీ మెరుగుపడలేదు. రాత్రి డ్రైవింగ్‌కి వీటిని సిఫార్సు చేయడానికి ఆధారం లేదన్నారు.

రంగుల విషయంలోనూ ఇబ్బందే. తెల్ల గీతకీ పసుపు గీతకీ తేడా చెరిగిపోతుంది. నీలం బోర్డులు నల్లగా మారతాయి. అక్షరాలు తెల్లగా ఉంటాయి కాబట్టి చదవగలం కానీ దూరం నుంచి అది ఏ రకం బోర్డో రంగుని బట్టి పోల్చుకునే అలవాటు పనిచేయదు.

దూరం అంచనా గురించి ఎవరూ రాయట్లేదు కానీ అసలు ప్రమాదం అక్కడే ఉందనిపిస్తుంది నాకు. మన రెండు కళ్ళ మధ్య ఇంచుమించు ఆరు సెంటీమీటర్ల పైచిలుకు దూరం, రెండిటికీ కాస్త వేరు వేరు బొమ్మలు పడతాయి, ఆ తేడా నుంచే మెదడు లోతు తీస్తుంది. వీట్‌స్టోన్ అనే బ్రిటిష్ శాస్త్రవేత్త 1838లోనే అద్దాలతో చేసిన పరికరంలో రెండు చదును బొమ్మలు పెట్టి చూపించి దీన్ని రుజువు చేశాడు. ఆ తేడా పట్టాలంటే వస్తువుల అంచులు పదునుగా కనపడాలి, మసకలో అంచులే కరిగిపోతాయి, దాంతో ఈ లెక్క బలహీనపడుతుంది. అప్పుడు మెదడు వేరే ఆనవాళ్ళ మీద పడుతుంది, ఏది దేనికి అడ్డొచ్చింది, ఎంత పెద్దగా ఉంది, ఎంత వేగంగా పెరుగుతోంది అని. రాత్రి ముందున్న బండికి వెనక రెండు ఎర్ర లైట్లు దగ్గర దగ్గరగా ఉంటే అది దూరంలో ఉన్న కారు అనుకుంటాం, అది దగ్గర్లో ఉన్న చిన్న బండి కావచ్చు. ఒక లైటు పోయిన కారు బైక్‌లా కనిపిస్తుంది. ఇలాంటి చోట మిగిలిన కాస్త వెలుతురు కూడా తగ్గించుకోవడం ఏం తెలివి చెప్పండి.

ఇంకోటుంది, వెలుతురు తగ్గితే కన్ను ఆలస్యంగా కూడా చూస్తుంది. నల్ల క్లిప్‌తో దీన్ని ఇంట్లో కళ్ళారా చూశా. దారానికి తాళంచెవి కట్టి తలుపు గుమ్మానికి వేలాడదీసి, ఎడమ నుంచి కుడికి మాత్రమే ఊగేట్టు వదిలి, రెండు కళ్ళూ తెరిచే ఉంచి నల్ల అద్దాన్ని ఎడమ కంటికి మాత్రం అడ్డం పెట్టుకున్నా. తాళంచెవి తిన్నగా ఊగడం మానేసి గుండ్రంగా తిరగడం మొదలెట్టింది! కుడివైపు వెళ్ళేటప్పుడు గోడ వైపుకి, ఎడమవైపు వచ్చేటప్పుడు నా వైపుకి. అద్దం కుడి కంటికి మారిస్తే తిరిగే దిక్కు తిరగబడింది. నాన్నని పిలిచి చూపించా, ఆయన దారం పట్టుకుని చూశారు, గాలికి తిరుగుతోందేమోనని. చీకటి చేసిన కంటి నుంచి కబురు మెదడుకి ఓ పిసరంత ఆలస్యంగా చేరడంతో ఆ కన్ను తాళంచెవిని కాస్త వెనక చోట చూస్తోంది, ఆ తేడాని మెదడు లోతు అనుకుంటోంది. జర్మనీకి చెందిన పుల్‌ఫ్రిక్ 1922లో దీన్ని వివరించాడు, విచిత్రం ఏంటంటే ఆయనకి ఒక కంటి చూపు లేదు, తను వివరించినదాన్ని తను చూడలేకపోయాడు. రెండు కళ్ళకీ అద్దం ఉంటే ఇలా గుండ్రంగా తిరగదు కానీ ఆలస్యం మాత్రం రెండిటికీ ఉంటుంది. సాయంత్రం నల్ల అద్దం వెంటనే తీసేయమని పైన చెప్పింది ఇందుకే.

ఇప్పుడు నాన్న సంగతి. ఆ రోడ్డు మీద భయం తర్వాత కంటి డాక్టర్ దగ్గరకి తీసుకెళ్ళా. కంటిపాప పెద్దదవడానికి చుక్కలు వేసి చూసి, రెండు కళ్ళలోనూ శుక్లం ఉంది, కుడికంటిలో ముదిరిందన్నారు. కంటిలోపలి సహజమైన లెన్స్ వయసుతో మబ్బు పట్టడమే శుక్లం, ఆ మబ్బు మీద హెడ్‌లైట్ పడి లోపలే చెదిరిపోయి మొత్తం బొమ్మ మీద తెల్లటి తెరలా పరుచుకుంటుంది, నాన్న చెప్పిన రేకులు అవే. లైట్లది తప్పు కాదు. వయసుతో కంటిపాప కూడా చీకట్లో మునుపటిలా విప్పారదు, లెన్స్ కూడా రంగు మారుతుంది, 60 ఏళ్ళ మనిషి కంటి తెరకి చేరే వెలుతురు 20 ఏళ్ళవాడికి చేరేదానిలో సుమారు మూడో వంతేనట. మారే ఆ రంగు ఏంటో తెలుసా, పసుపు. నేను మా నాన్నకి అప్పటికే కంట్లో ఉన్న పసుపు అద్దం మీద ఇంకో పసుపు అద్దం కొనిపెట్టా.

కుడికంటికి ఆపరేషన్ అయింది, మబ్బు లెన్స్ తీసి కొత్తది పెట్టారు. కట్టు విప్పాక కొన్ని రోజులకి ఇంట్లో మంచం మీద కూర్చుని, దండెం మీద ఆరేసిన తన తెల్ల చొక్కా వైపు చూస్తూ ఒక కన్ను మూసి, అది తెరిచి ఇంకోటి మూసి, అలా చాలాసార్లు చేశారు. "దీంతో తెల్లగా ఉంది, నీలం కూడా పెట్టినట్టుంది. దీంతో చూస్తే ఉతకనట్టుంది" అన్నారు. ఇన్నేళ్ళు ఆ రెండో రంగే తెలుపు అనుకున్నానన్నారు. పెయింటర్ క్లాడ్ మోనేకి కూడా 1923లో కుడికంటికే శుక్లం ఆపరేషన్ అయింది, ఆ తర్వాత తనకి రంగులు మారిపోయి కనిపిస్తున్నాయని ఆయన చాలా ఇబ్బంది పడ్డాడు. నాన్న ఇబ్బంది పడలేదు, ఇంట్లో ఉన్న నీలం వస్తువులన్నీ ఒక్కొక్కటిగా చూసుకుంటూ తిరిగారు.

రాత్రి లైట్లు గుచ్చుకుంటున్నాయని మీ ఇంట్లో ఎవరైనా అంటుంటే ఏ కళ్ళద్దాలూ వెతక్కండి, ముందు కంటి పరీక్ష చేయించండి. కళ్ళజోడు నంబర్ పాతబడినా ఇలాగే ఉంటుంది. కార్ ముందు అద్దాన్ని లోపలివైపు తుడవండి, అక్కడ పట్టే జిడ్డు పొర ఎదుటి లైటుని ఎంత చెదరగొడుతుందో తుడిచాకే తెలుస్తుంది. డాష్‌బోర్డ్ వెలుతురు తగ్గించుకోండి. ఎదురు లైటు వచ్చినప్పుడు దాని వైపు చూడకుండా మీరు వెళ్ళే వైపు రోడ్డు అంచు గీత మీద చూపు పెట్టండి. కళ్ళజోడు కొత్తగా చేయించుకుంటుంటే రంగులేని యాంటీ రిఫ్లెక్షన్ పూత వేయించుకోండి, అది వెలుతురుని తీసేయదు, గాజు మీద తిరిగిపోయేదాన్ని కూడా లోపలికే పంపిస్తుంది.

రేటింగ్: నల్ల జతకి 4 స్టార్లు, ఫోన్ స్క్రీన్ గొడవకి ఒకటి తగ్గించా. పసుపు జతకి ఏమీ ఇవ్వలేను. బాక్స్ మీద ఒకటి, లోపల కాయితం మీద ఇంకోటి రాసి అమ్మడం నాకు క్షమించేట్టు లేదు, అందుకే మొత్తానికి 1 స్టార్. అమ్మినవాళ్ళకి ఈ కాయితం ఫోటో తీసి పంపి బాక్స్ మీద మాట మార్చమని అడిగా, డబ్బు వెనక్కిస్తామన్నారు కానీ బాక్స్ గురించి జవాబు రాలేదు. నాన్నకి వచ్చే నెల ఎడమకంటికి ఆపరేషన్ ఉంది, అప్పటిదాకా రాత్రి బండి నేనే నడుపుతున్నా.